ఐదు గంటల మనిషి

"పోలీసులు మిమ్మల్ని అనుమానితుల్లోంచి ఎప్పుడో తీసేశారు. అందుకే అందరికంటే ఆఖర్న మీ దగ్గరికొచ్చాను," అన్నాడు డిటెక్టివ్ సన్యాసిరాజు.

పోర్టు గేటు ఎదురుగా టీ కొట్టు. డ్యూటీ దిగివచ్చిన క్రేన్ ఆపరేటర్ దొరబాబు గ్లాసు అందుకుని బెంచీ చివర కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. బక్కపలచని మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మొహం చూడడు.

"అనుమానం లేనప్పుడు అడగడం దేనికండీ?"

"కోచ్ గురించి తెలుసుకుందామని."

"నాకు తెలిసినంతవరకూ మంచి కోచ్. అంతే."

మంచి కోచ్ చనిపోయి అప్పటికి ఆరు రోజులు. 2004 మార్చి మొదటి ఆదివారం బీచ్ రోడ్డులో మారథాన్ జరిగింది. నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు పరుగు. బీచ్ దగ్గర ఉదయం ఐదింటికి బయల్దేరి, మంగమారిపేట దాటాక ఉన్న మలుపు చుట్టి, అదే రోడ్డున వెనక్కి రావాలి. రన్నర్స్ క్లబ్ కోచ్ అర్జునరావు ఎప్పట్లాగే తిరుగుదారిలో ముప్పయ్యో కిలోమీటరు దగ్గర, సరుగుడు తోపు పక్కన, మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎనిమిదీ పదికి నలుగురు రన్నర్లు ఒక గుంపుగా ఆయన్ని దాటారు. ఆయన చెయ్యి ఊపాడు. ఎనిమిదిన్నరకి తోపులో శవమై కనిపించాడు. నడినెత్తి మీద రాతి దెబ్బ.

శవాన్ని మొదట చూసిన దాలయ్యని పోలీసులు ఆ పూటే పట్టుకున్నారు. అతను ఆ ఒడ్డున వేటకెళ్ళే జాలరి. అతని భార్య గంగాలమ్మ వన్ టౌన్‌లో ఉన్న సన్యాసిరాజు ఆఫీసుకొచ్చి, గుమ్మంలోనే కూలబడి, "మీరు మా ఇంటాయన్ని సూస్తే సాలు బాబూ, సంపినోడో కాదో మీకే తెలిసిపోద్ది," అంది.

"ఆ రోజు మీరు ముప్పయ్యో కిలోమీటరు ఎప్పుడు దాటారు?" దొరబాబుని అడిగాడు సన్యాసిరాజు.

"మలుపు కాడ నా నెంబరు రాసుకున్నారు. ఏడున్నర. నాను కిలోమీటరుకి ఏడు నిమిషాల మనిషిని. అక్కడికి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటిపోయింది. అప్పటికే జనం మూగున్నారు."

"ఏం జరిగిందో ఆగి చూడలేదా?"

"ఆగితే కాళ్ళు బిగుసుకుపోతాయండి. మళ్ళీ కదలవు. ఆగొద్దని కోచ్ గారే సెప్పీవోరు."

"ఎంతలో పూర్తిచేశారు?"

"ఐదు గంటలు. కోచ్ గారు క్లబ్బు బోర్డు మీద ముందే నాకు అంతే రాశారు."

"నలభయ్యో ఏట పరుగేమిటి దొరబాబూ? ఎవరు నేర్పారు ఈ అలవాటు?"

దొరబాబు గ్లాసులో అడుగున మిగిలిన టీని నేల మీద ఒలకబోశాడు. "నిద్ర పట్టక," అన్నాడు. లేచి సైకిలెక్కాడు.

* * *

సరుగుడు తోపు రోడ్డుకి దిగువన ఉంది. సాయంత్రం ఐదింటికి సన్యాసిరాజు అక్కడికి చేరేసరికి సి.ఐ. అశోక్ జీపు నిలబడి ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య బేడీలతో దాలయ్య.

పన్నెండేళ్ళ క్రితం అశోక్ కొత్త ఎస్.ఐ.గా సన్యాసిరాజు కిందే పని నేర్చుకున్నాడు. తర్వాత సన్యాసిరాజు పోలీసు ఉద్యోగం వదిలేశాడు, అశోక్ పైకొచ్చాడు.

"రండి గురువుగారూ! నేను పట్టుకున్నవాణ్ణి విడిపించడమే మీ కొత్త ఉద్యోగమా?"

"తప్పు మనిషిని పట్టుకోవడం నీ పాత అలవాటు కదా," అని సన్యాసిరాజు నేరుగా దాలయ్య ముందుకెళ్ళాడు. "ముందురోజు కోచ్‌తో గొడవేమిటి?"

"మా ఆడోళ్ళు సేపలు ఎండబెట్టుకున్న కాడ కుర్సీ ఏసీసి, రేపటికి ఈ కంపు తీసెయ్యండి అన్నాడు బాబూ. ఏటి కంపు? మా కూడు అది, అన్నాను."

"అంతేనా?" అశోక్ మధ్యలో అందుకున్నాడు. "రేపిక్కడ కూకుంటే నీ సంగతి సూత్తాను అనలేదూ? విన్నవాళ్ళు ఆరుగురున్నారు."

"కోపంలో అన్నాను. నిజమే." దాలయ్య సన్యాసిరాజు వైపు తిరిగాడు. "తెల్లారి ఎనిమిదిన్నరకి ఇటొస్తే బోర్లా పడున్నాడు. ఎండదెబ్బేమో అనుకుని ఎత్తాను. రగతం నా సొక్కాకి అంటుకుంది. నానే కేకేసి జనాన్ని పిలిసేను బాబూ. సంపినోడు పిలుత్తాడా?"

"తెలివైనవాడు పిలుస్తాడు," అన్నాడు అశోక్.

సన్యాసిరాజు చెయ్యి చాపాడు. "శవం ఫోటోలు."

అశోక్ విసుగ్గా కవరిచ్చాడు. సన్యాసిరాజు వాటిని ఎండకి ఎత్తిపట్టి ఒక్కొక్కటీ చూశాడు.

"దెబ్బ పడినప్పుడు ఈయన మోకాళ్ళ మీద ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళకి ఇసుక ఎలా కూరుకుపోయిందో చూడు."

"ప్రాణం కోసం బతిమాలుకుని ఉంటాడు."

"మరి అరచేతులు ఎందుకు మెరుస్తున్నాయి?"

"చెమట."

"పోస్ట్‌మార్టం రిపోర్టు పూర్తిగా చదివావా? రెండు అరచేతులకీ నూనె అని డాక్టరు రాశాడు. రెండో పేజీ."

సన్యాసిరాజు శవం పడిన చోట గొంతుకూర్చుని రాలిన సరుగుడు పుల్లల్ని చేత్తో పక్కకి నెట్టసాగాడు. కాసేపటికి ఇసుకలోంచి ఒక చిన్న సీసా బయటికొచ్చింది. మూత లేదు. వాసన చూసి అశోక్ ముక్కు దగ్గర పెట్టాడు. కర్పూరం వేసిన నొప్పుల నూనె.

"అయితే ఏమైంది? ముసలాయన. తన మోకాళ్ళకే రాసుకుని ఉంటాడు."

"ప్యాంటు మీంచా?"

ఒక కానిస్టేబుల్ నవ్వబోయి ఆపుకున్నాడు.

"పిక్క పట్టేసిందని ఎవడో ఇక్కడికొచ్చి చతికిలబడ్డాడు," అన్నాడు సన్యాసిరాజు. "కోచ్ సీసా తీసుకుని దిగొచ్చాడు. వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, పిక్క రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దుతున్న మనిషి నెత్తి మీద వాడు రాయి దింపాడు. ఆయన రన్నర్‌కి సేవ చేస్తూ చచ్చిపోయాడు అశోక్. ముందురోజు తిట్టుకున్న జాలరి కాలు పట్టుకుంటూ కాదు."

దాలయ్య బేడీల చేతుల్తో కళ్ళు తుడుచుకున్నాడు.

అశోక్ మొహం ఎర్రబడింది. "సరే. ఏ రన్నరు? ఎనిమిదీ పదికి నలుగురు. కలిసే వచ్చారు, కలిసే వెళ్ళారు. వాళ్ళ తర్వాతివాడు దొరబాబు. వాడి వేగానికి ఎనిమిదీ ముప్పై మూడు కంటే ముందు ఇక్కడికి రాలేడు. అప్పటికి ఈయన చచ్చి, జనం చేరిపోయారు. మధ్యలో ఇంకెవడూ లేడు. మీ రన్నరు ఆకాశం నుంచి దిగాడా?"

సన్యాసిరాజు సీసాని రుమాల్లో చుట్టి అశోక్ చేతికిచ్చాడు.

"సోమవారం కస్టడీ అయిపోతుంది, ఇతన్ని మళ్ళీ కోర్టులో పెడుతున్నాను. ఈలోగా మీ రన్నర్ దొరికితే ఫోన్ చెయ్యండి," అని అశోక్ జీపెక్కాడు.

* * *

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఐదు నిమిషాల ముందు సన్యాసిరాజు క్లబ్ గదిలో ఉన్నాడు. కార్యదర్శి అప్పలసూరి తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు. కోచ్‌కి ఇరవై ఏళ్ళ స్నేహితుడు.

గోడకి పెద్ద నల్లబోర్డు. ఒక వరసలో పేర్లు, రెండో వరసలో కోచ్ పరుగుకి ముందే వేసిన అంచనా, మూడో వరసలో అసలు పట్టిన టైము.

"ఆయన చేతి రాత. తుడవబుద్ధి కాలేదు రాజు గారూ."

"ఎవరు ఎంతలో వస్తారో ముందే ఎలా చెప్పేవారు?"

"పది కిలోమీటర్లు పరిగెత్తించి చూస్తారు. దాన్నిబట్టి నలభై రెండుకి ఎంత పడుతుందో లెక్క కడతారు. ఆ లెక్క ప్రకారమే రోజూ ఎంత వేగంతో పరిగెత్తాలో కూడా ఆయనే చెబుతారు. దొరబాబునే చూడండి. పది కిలోమీటర్లు ఎప్పుడు పరిగెత్తినా అరవై నాలుగు నిమిషాలే. కాబట్టి ఐదు గంటలు."

"అరవై నాలుగు నిమిషాలు పరిగెత్తాక ఆయాసపడేవాడా?"

అప్పలసూరి తల అడ్డంగా ఊపాడు. "అదే వింత. పక్కవాళ్ళు మాటలు రాక రొప్పుతుంటే ఇతను కబుర్లు చెబుతూ వచ్చేవాడు. ఇంకొంచెం గట్టిగా పరిగెత్తవోయ్ అంటే, ఇంతే నా వల్ల అవుద్ది అనేవాడు."

సన్యాసిరాజు బోర్డు దగ్గరికి నడిచాడు. రెండో వరస, మూడో వరస పోల్చుకుంటూ వేలు కిందికి జరిపాడు. ఆ నలుగురి గుంపుకి కోచ్ వేసింది నాలుగు గంటల ఇరవై నిమిషాలు. వచ్చింది నాలుగూ ముప్పై ఎనిమిది. కిందున్న పేరుకి పదిహేను నిమిషాల ఆలస్యం. దాని కిందది ఇరవై. ఆ కిందది ఇరవై రెండు.

"అందరూ ఎందుకు వెనకబడ్డారు?"

"ఆ రోజు ఎండ అలాంటిదండీ. ఉక్క. గాలి లేదు. మలుపు తిరిగాక ఒక్కడికీ కాళ్ళు సాగలేదు. మొదట వచ్చినవాడు కూడా పన్నెండు నిమిషాలు ఆలస్యం."

"ఒక్కడు తప్ప."

దొరబాబు పేరు ఎదురుగా ఐదు గంటలు. పక్కన మళ్ళీ ఐదు గంటలు.

"అవును. కోచ్ లెక్క నిలబెట్టినవాడు అతనొక్కడే అని అందరం చెయ్యి కలిపాం."

"సూరి గారూ, నిజంగా ఐదు గంటల మనిషి ఆ ఎండలో ఐదు గంటలకి రాగలడా?"

అప్పలసూరి వేళ్ళ మీద లెక్క కట్టాడు. లెక్కల మాస్టారి మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది.

"రాలేడు," అన్నాడు చివరికి. "ఐదూ ఇరవై పట్టాలి. అంతకు ముందు రావాలంటే సత్తా దాచుకుని ఉండాలి."

"ఎన్నాళ్ళు దాచాడు?"

"క్లబ్బులో చేరి ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలు కావాలని నెమ్మదిగా పరిగెత్తాడు. కోచ్ చేతనే తనకి ఐదు గంటలు రాయించుకున్నాడు. మలుపు దాకా మీ అందరి ముందూ ఏడు నిమిషాల చొప్పున వచ్చాడు. నెంబరు రాయించుకున్నాక ఐదు నిమిషాల చొప్పున లగెత్తితే తోపు దగ్గరికి ఎప్పుడొస్తాడు?"

అప్పలసూరి పెదాలు కదిలాయి. "తొమ్మిది కిలోమీటర్లు... ఎనిమిదీ పదిహేను."

"పని పూర్తిచేసి, మిగిలిన దూరం గడియారం చూసుకుంటూ నడిచినట్టు వచ్చాడు. కోచ్ రాసిన టైముకి సరిగ్గా గీత దాటితే తనకి తిరుగుండదనుకున్నాడు. మిగతావాళ్ళని ఎండ వెనక్కి లాగేసిందని వాడికి తెలియదు." సన్యాసిరాజు ఇటు తిరిగాడు. "ఎందుకు చంపాడు? ఈ క్లబ్బులో ఇంతకు ముందు ఎవరైనా చనిపోయారా?"

అప్పలసూరి బోర్డు ముందున్న బెంచీ మీద కూర్చున్నాడు.

"పోయినేడు. వాసు అని ఇరవై రెండేళ్ళ కుర్రాడు. సబ్బవరం వాడు. కోచ్ అతనికి కిలోమీటరుకి ఐదు నిమిషాల వేగం పెట్టారు. జ్వరం తగ్గి వారం కాలేదు, తగ్గించండి అన్నాను. వినలేదు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఆ పిల్లాడు ఇక నా వల్ల కాదన్నాడట. ఆగొద్దు అని కోచ్ అరిచారు. ఇంకో రెండు కిలోమీటర్లు పరిగెత్తి పడిపోయాడు. వడదెబ్బ. ఆస్పత్రికి చేరేలోపే..."

"వాడి వాళ్ళెవరు?"

"తల్లీ తండ్రీ లేరు. అక్కా బావా పెంచారట. గొడవవుతుందని కోచ్ మమ్మల్నెవర్నీ సబ్బవరం వెళ్ళనివ్వలేదు. అందుకే వాళ్ళెవరో చూడలేదు. బావ పోర్టులో క్రేన్..."

అప్పలసూరి బోర్డు మీది దొరబాబు పేరు వైపు చూశాడు.

"వాసు పక్కన ఆ రోజు ఇంకెవరైనా ఉన్నారా?"

"సుధారాణి. కాలేజీ లెక్చరర్. పక్కనే సైకిల్ తొక్కుతూ, వేగం తగ్గినప్పుడల్లా, ఇంకొక్క కిలోమీటరు, ఇంకొక్క కిలోమీటరు అని తరిమింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుని ఏడుస్తుంది."

"ఎక్కడుంది ఆవిడ?"

"ఇవాళ లాంగ్ రన్‌కి వెళ్ళిందండీ. కోచ్ లేరు కదా, పక్కన తను పరిగెడతానని..." ఆయన గబుక్కున లేచాడు. "దొరబాబే తీసుకెళ్ళాడు. భీమిలి నుంచి సిటీకి. ఎండకి అలవాటు పడాలని పొద్దెక్కాక ఏడింటికి బయల్దేరదామన్నాడట."

సన్యాసిరాజు అప్పటికే ఫోన్ తీశాడు.

* * *

అశోక్ జీపు రుషికొండ దిగువన సన్యాసిరాజునీ అప్పలసూరినీ ఎక్కించుకుంది. దారిలో అంతా విన్నాక అశోక్ ఒక్కటే అన్నాడు. "మీ మాట తప్పయితే మీ లైసెన్సు సంగతి నేను చూస్తాను."

"తప్పయితే బాగుండును," అన్నాడు సన్యాసిరాజు.

సరుగుడు తోపు దాటగానే డ్రైవర్ బ్రేక్ వేశాడు. ఎనిమిదీ పాతిక. ఎదురుగా తారు రోడ్డు మీద ఒక మనిషి పరిగెత్తుకొస్తున్నాడు. ఒక్కడే. పాదాలు నేలకి తగిలీ తగలనట్టుగా, తల కదలకుండా, తేలిగ్గా వస్తున్నాడు. ఐదు గంటల మనిషి పరుగు కాదది. అప్పలసూరి దాన్ని మొదటిసారి చూస్తూ జీపు రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

దొరబాబు వాళ్ళని చూశాడు. పారిపోలేదు. జీపు దాకా వచ్చి ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి కూడా పెద్దగా తీయడం లేదు.

"సుధారాణి ఎక్కడ?" అడిగాడు సన్యాసిరాజు.

అశోక్ దొరబాబు కాలర్ పట్టుకున్నాడు. "ఎక్కడరా?"

"ఎనకాల వస్తంది."

"ఎంత వేగంతో పరిగెత్తించావు?" అడిగాడు సన్యాసిరాజు. "వాసుకి పెట్టిందేనా?"

ఆ పేరు వినగానే దొరబాబు మొదటిసారి ఎదుటివాడి మొహం చూశాడు.

"పదేళ్ళప్పట్నుంచి మా ఇంట్లో పెరిగాడండీ ఆడు. నా సైకిల్ మీద బడికి తీసుకెళ్ళీవోణ్ణి. మా ఆడది ఏడాదయింది, మాట మానేసి. ఇంట్లో కుండలో నీళ్ళున్నా తాగదు. తమ్ముడు దాహంతో పోయాడని. కోచ్‌ని సంపడానికే ఎల్లాను. అబద్ధం సెప్పను. రాయెత్తే ముందు ఒక్క మాట అడిగాను. వాసు గుర్తున్నాడా కోచ్ గారూ, అని. నా పిక్క రుద్దుతూ, తల ఎత్తకండానే, ఏ వాసు అన్నాడు."

"సుధారాణికి గుర్తున్నాడు దొరబాబూ," అన్నాడు సన్యాసిరాజు. "ఏడాదిగా ఏడుస్తోంది. కావాలంటే సూరి గార్ని అడుగు. ఎక్కడ వదిలావో చెప్పు."

దొరబాబు అప్పలసూరి వైపు చూశాడు. ఆయన తల ఊపాడు. దొరబాబు దవడ బిగిసింది. తల తిప్పుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సూరి గారూ! కిలోమీటరుకి ఐదు నిమిషాల చొప్పున సుధారాణి ఎంత దూరం పోగలదు?"

"ఆవిడది ఆరు నిమిషాల వేగం. ఎనిమిది కిలోమీటర్లకి పడిపోవాలి." అప్పలసూరి కళ్ళు మూసుకున్నాడు. "మొండిది. పది దాకా లాగుతుంది. అంతకుమించి లాగలేదు."

"భీమిలి నుంచి పది అంటే?"

"మంగమారిపేట."

అశోక్ దొరబాబుకి బేడీలు వేసి, కాపలాకి తనతో వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళని అక్కడే దింపాడు. జీపు దూకింది. మంగమారిపేట దగ్గర రోడ్డుకి అటొకరు, ఇటొకరు పరిగెత్తారు. కేకలేశారు. చివరికి అశోక్ గొంతే వినిపించింది.

"గురువుగారూ, ఇటు!"

ఒడ్డున బోర్లించిన పాత పడవ చాటున ఆమె వెల్లకిలా పడి ఉంది. చెమట ఆరిపోయి చర్మం పెనంలా కాలుతోంది. పెదాలు పగిలాయి. కళ్ళు సగం తెరిచున్నాయి గానీ చూడడం లేదు. ఆమె కాళ్ళు మాత్రం ఇసుకలో ఒకదాని తర్వాత ఒకటి అదురుతున్నాయి.

అశోక్ తన చొక్కా విప్పి సముద్రంలో ముంచి ఆమె మీద కప్పాడు. ముగ్గురూ కలిసి జీపులో పడుకోబెట్టారు. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎండాడ మీదుగా హైవే ఎక్కుతుండగా అశోక్ వైర్‌లెస్ అందుకుని పెద్దాసుపత్రికి కబురు చెప్పించాడు. తర్వాత ఒక్క క్షణం ఆగి, "దాలయ్యకి బేడీలు తియ్యండి. టిఫిన్ పెట్టించండి. వాళ్ళావిణ్ణి పిలవండి," అన్నాడు. సన్యాసిరాజు వైపు మాత్రం చూడలేదు.

వెనక సీట్లో అప్పలసూరి తడిగుడ్డతో ఆమె మొహం తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి సుధారాణి పెదాలు కదిలాయి. ఆయన చెవి దగ్గరగా పెట్టాడు.

"ఏమంటోంది?"

"ఆగు వాసూ అంటోంది." మాస్టారు మళ్ళీ వంగి విన్నాడు. "చాలు, ఆగిపో అంటోంది."

ఆమె ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటూ వచ్చింది. ఒక్కోసారికీ గొంతు ఇంకాస్త సన్నబడింది. జీపు హనుమంతవాక దాటుతుండగా ఆ మాట ఆగిపోయింది. కాళ్ళ అదురు కూడా ఆగింది.

సన్యాసిరాజు ఆమె మెడ పక్కన రెండు వేళ్ళు ఆనించాడు. నాడి తగల్లేదు. వేళ్ళు కొంచెం కిందికి జరిపి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ వెతకడం మొదలుపెట్టాడు.